దీర్ఘకాలిక అలసట వ్యాధి: ఒళ్లంతా నొప్పులతో నెగ్గుకురావడం ఎలా?

ఒక జ్వరం వచ్చి తగ్గుతుంది. పది రోజులలో లేచి తిరగవలసిన మనిషి ఆరు నెలలు గడిచినా కోలుకోదు. కాస్త పని చేస్తే చాలు, మరునాడో మూడవనాడో ఒళ్లంతా కొట్టినట్లు నొప్పులు. రక్తపరీక్షలలో ఏ దోషమూ కనిపించదు. ‘నీకేమీ లేదమ్మా, బలానికి మాత్రలు వ్రాస్తాను’ అని వైద్యుడు పంపించివేస్తాడు. ఇంటిలో మెల్లగా ‘పనిదొంగ’ అన్న పేరు పడుతుంది. ఈ స్థితిలో ఉన్నవారికీ, వారితో కలిసి బ్రతుకుతున్న ఇంటివారికీ ఉపయోగపడగలదని ఈ వ్యాసం అందిస్తున్నాము.

ఏమిటీ వ్యాధి?

వైద్యులు దీనిని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారు. అంతకన్నా పాత పేరు మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్. రెండు పేర్లనూ కలిపి ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని వ్రాయడం నేటి వాడుక. మయాల్జిక్ అంటే కండరాల నొప్పికి సంబంధించినది అని అర్థం. పేరు పెట్టిననాడే నొప్పికి అందులో చోటున్నదన్నమాట.

1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో సుమారు 300 మంది సిబ్బంది అంతుపట్టని జబ్బుతో పడిపోయారు. మరుసటి సంవత్సరం ‘లాన్సెట్’ వైద్యపత్రిక దానికి పై పేరు పెట్టింది. 1970లో ఇద్దరు మానసిక వైద్యులు, రోగులను స్వయంగా పరీక్షించకుండా పాత కేసు కాగితాలు చదివి, అది సామూహిక హిస్టీరియా అని వ్రాశారు. బాధితులలో స్త్రీలే ఎక్కువగా ఉండడం వారు చూపిన కారణాలలో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969 నుంచే దీనిని నాడీమండల వ్యాధుల జాబితాలో ఉంచినప్పటికీ ఆ అపవాదు నేటికీ పూర్తిగా పోలేదు. 1988లో అమెరికాలో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అన్న కొత్త పేరు పుట్టింది. మా దృష్టిలో ఆ పేరు మేలుకన్నా కీడే ఎక్కువ చేసింది. అలసట ఎవరికి లేదు గనుక!

2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నిర్ణయించిన ప్రకారం ఆరు నెలలకు మించి పని చేయగల శక్తి బాగా తగ్గిపోవడం, చిన్న శ్రమకే ఆ తరువాత ఆరోగ్యం దిగజారడం, నిద్రపోయినా సేద తీరకపోవడం ప్రధాన లక్షణాలు. వీటితోపాటు మతిమరుపు, ఆలోచన మందగించడం గాని, లేచి నిలబడితే తల తిరగడం వంటి బాధలు గాని ఉండాలి. నొప్పి తప్పనిసరి లక్షణం కాదు. అయినా రోగులలో చాలామందిని ఎక్కువగా బాధించేది అదే. కండరాల నొప్పి, వాపు గాని ఎరుపు గాని లేని కీళ్లనొప్పి, కొత్తరకం తలనొప్పి, గొంతునొప్పి, ముట్టుకుంటేనే ఓర్వలేని చర్మం – ఇవన్నీ ఇందులో కనిపిస్తాయి. ఒకనాడు భుజాలలో, ఇంకొకనాడు తొడలలో, మరొకనాడు ఒళ్లంతా. 2020 తరువాత కోవిడ్ వచ్చి తగ్గినవారిలో కొందరు ఇదే స్థితికి చేరుకున్నారు.

ముందుగా తేల్చుకోవలసినవి

ఒళ్లునొప్పులన్నీ ఈ వ్యాధి కావు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, మధుమేహం, విటమిన్ డి, బి12 లోపాలు, కీళ్లవాతం, క్షయ మొదలైనవి లేవని పరీక్షలతో నిర్ధారించుకోవాలి. వీటిలో చాలావాటికి చికిత్స ఉన్నది. మన ప్రాంతాలవారు మరి మూడింటిని ప్రత్యేకించి అడగాలి. కోలారు, ధర్మపురి, కృష్ణగిరి వైపు బోరునీరు త్రాగేవారికి ఫ్లోరోసిస్ వల్ల నడుము, మెడ, కీళ్లు బిగుసుకొని నొప్పి పుట్టవచ్చును. 2005-06లో ఆంధ్ర, కర్ణాటకలను కుదిపిన చికున్‌గున్యా వంటి జ్వరం కీళ్లనొప్పులను నెలలతరబడి, కొందరిలో సంవత్సరాలపాటు మిగులుస్తుంది. గడ్చిరోలి, చంద్రపూర్, దక్షిణ ఒడిశా ప్రాంతాలలో సికిల్ సెల్ వ్యాధి ఉన్న కుటుంబాలున్నవి. అది ఎముకలలో భరించలేని పోట్లు తెస్తుంది. దాని పరీక్ష సులభము, చికిత్స వేరు.

ఫైబ్రోమయాల్జియా అన్న మరొక వ్యాధి దీనికి చాలా దగ్గర. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చును. కాని ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఫైబ్రోమయాల్జియాకు క్రమంగా పెంచే వ్యాయామం మేలు చేస్తుంది. ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. రోగికి అదే వ్యాయామం మంచం పట్టించగలదు. కనుక ‘రోజూ గంట నడువు’ అని ఎవరైనా చెప్పినప్పుడు, శ్రమపడిన మరునాడు తమకు ఏమవుతున్నదో రోగి తప్పక వివరించాలి.

ఆలస్యంగా వచ్చే నొప్పి

ఈ వ్యాధిలో నొప్పిని అర్థం చేసుకోవడానికి తాళంచెవి ఇదే. శ్రమ ఇవాళ, నొప్పి ఎల్లుండి. సాధారణంగా 12 నుంచి 48 గంటల తరువాత మొదలై రోజులు, ఒక్కొక్కసారి వారాలు ఉంటుంది. సోమవారం చేనిలో వేరుశనగ పీకిన ఇల్లాలు మంగళవారం బాగానే తిరిగి బుధవారం కదలలేక పడుకుంటే, బుధవారం ఏ పనీ చేయలేదు గనుక అది నటన అని ఇంటివారికి తోస్తుంది. ఆమెకు కూడా కారణం తెలియదు. ఆరోగ్యవంతులు శరీరశ్రమ చేస్తే నొప్పిని ఓర్చే శక్తి కొంతసేపు పెరుగుతుంది. ఈ రోగులలో అది తగ్గుతున్నట్లు పరీక్షలలో కనిపించింది. 2024లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు కోవిడ్ అనంతరం ఇటువంటి బాధ పడుతున్నవారి తొడకండరాన్ని శ్రమకు ముందు, తరువాత పరిశీలించగా, శ్రమ తరువాత కండరంలోని దెబ్బలు, శక్తిని పుట్టించే వ్యవస్థలోని లోపాలు మరింత ఎక్కువగా కనిపించాయి. ఇది సోమరితనము కాదనడానికి ఇంతకన్నా ఏమి కావాలి?

అందువల్ల మొదట చేయవలసిన పని మందు కొనడం కాదు, లెక్క వ్రాయడం. ఒక నోటుపుస్తకంలో ఆనాటి పని, నిద్ర, నొప్పి మూడే మాటలలో వ్రాయండి. నొప్పి విపరీతమైన రోజున రెండు రోజులు వెనక్కు తిప్పి చూడండి. రెండు మూడు వారాలలో కారణాలు బయటపడతాయి. ఒకరికి తలస్నానం, ఒకరికి సంతకు వెళ్లి రావడం, ఒకరికి రేషన్ దుకాణం ముందు గంట నిలబడడం, ఇంకొకరికి చుట్టాలతో పూటంతా మాట్లాడడం. మాటలు కూడా శ్రమేనన్న సంగతి చాలామందికి వింతగా ఉంటుంది.

కారణం తెలిసిన తరువాత పనిని ముక్కలు చేసుకోవాలి. నొప్పి వచ్చేదాకా చేసి ఆగడం పనికిరాదు. రాకముందే ఆగాలి. పావుగంట పనికి అలవాటుపడ్డ ఒళ్లయితే పది నిమిషాలకే ఆగి, కళ్లు మూసుకొని పడుకోవాలి. సెల్‌ఫోన్‌లో గంట పెట్టుకోవచ్చును. కూరగాయలు తరగడం, దోసెలు పోయడం ఎత్తుపీటపై కూర్చుని చేయవచ్చును. స్నానం కూడా పీటపై కూర్చునే. తలస్నానం, బట్టలు ఉతకడం ఒకేరోజున పెట్టుకోరాదు. నీళ్ల బిందె, పిండి రుబ్బడం, పై అటకను దులపడం వేరొకరికి అప్పగించవలసిన పనులు.

అన్నిటికన్నా కష్టం ఒంట్లో బాగున్న రోజు. వారంరోజుల పని పేరుకుపోయి ఉంటుంది. ఇవాళ లేవగలిగాను గదా అని అన్నీ ఒక్కసారే ముగించాలన్న ఆత్రం. ఆ ఒక్క రోజుకు చెల్లించే మూల్యం తరువాతి వారం. పండుగలు, పెళ్లిళ్లు మానుకొమ్మని మేము చెప్పము. పెళ్లికి వెళ్లదలచుకుంటే ముందు రెండు రోజులు, వెనుక మూడు రోజులు ఖాళీగా ఉంచుకొని, ముహూర్తానికి మాత్రమే వెళ్లి, పడుకోవడానికి ఒక గది అడిగి ఉంచుకోండి. అడగడానికి మొగమాటం వద్దు.

శ్రమను క్రమంగా పెంచుకుంటూ పోతే వ్యాధి నయమవుతుందని 2011లో బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ప్రకటించింది. దాని పద్ధతులపై తీవ్రమైన విమర్శలు వచ్చాయి. 2021 అక్టోబరులో ఆ దేశపు వైద్య మార్గదర్శక సంస్థ నైస్, ఆ వ్యాయామ చికిత్సను ఈ వ్యాధికి సూచించరాదని స్పష్టం చేసింది.

కాపడం, మర్దన

గోరువెచ్చని నీటి కాపడం, వేయించిన ఉప్పుమూట కండరాల నొప్పికి ఉపశమనమిస్తాయి. మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారినవారు వేడి తెలియక కాల్చుకునే ప్రమాదమున్నది, జాగ్రత్త. నువ్వులనూనెతో పైపైన రాయడం మంచిదే. గట్టిగా పిసికించుకుంటే మరునాడు నొప్పి రెట్టింపు కావచ్చును. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు ప్రసిద్ధి. ఇక్కడ విరిగిన ఎముక లేదు, అంతదూరం బస్సు ప్రయాణం మాత్రం ఉన్నది.

మందులు

ఈ వ్యాధిని నయం చేసే మందు లేదు. నొప్పిని తగ్గించేవి ఉన్నాయి. ఈ రోగులలో చాలామందికి మందులు త్వరగా పడవు గనుక అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం పద్ధతి. పారాసిటమాల్ కొందరికి కొంత పనిచేస్తుంది. పెద్దవారు రోజుకు 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు 8, మించరాదు. బక్కపలచనివారికి, కాలేయవ్యాధి ఉన్నవారికి, మద్యం త్రాగేవారికి అంతకన్నా తక్కువ. ఎసిక్లోఫెనాక్ వంటి మాత్రలలో పారాసిటమాల్‌ను కూడా కలిపి అమ్ముతున్నారు. రెండూ వేసుకుంటే లెక్క తప్పుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి నెలలతరబడి వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని.

మంటలు, తిమ్మిర్లతో కూడిన నొప్పికి, రాత్రి నిద్రను చెడగొట్టే నొప్పికి వైద్యులు అమిట్రిప్టిలిన్‌ను రాత్రివేళ 10 మిల్లీగ్రాములతో ప్రారంభిస్తారు. అది దిగులుకు వాడే మందు కదా అని కంగారుపడనక్కరలేదు. నరాల నొప్పికి తక్కువ మోతాదులో వాడడం మామూలే. నీటికాసుల వ్యాధి, గుండె లయలో తేడా, మూత్రం బిగదీయడం ఉన్నవారు ముందుగా చెప్పాలి. డులోక్సెటిన్, ప్రీగాబాలిన్ కూడా కొందరికి ఇస్తారు. వీటిలో దేనినీ ఒక్కసారిగా ఆపరాదు.

ఒక హెచ్చరిక. నొప్పి మాత్ర వేసుకొని, ఆ ఊపులో మిగిలిన పని ముగించడం ఈ వ్యాధిలో పెద్ద పొరపాటు. నొప్పి కనబడకుండా పోతుంది, శ్రమ లెక్కలోనే ఉంటుంది.

ఊళ్లోని సూదిమందు మాట కూడా చెప్పాలి. వేసిన పూటే లేచి కూర్చోబెట్టే ఇంజక్షన్లలో, పేరులేని పొట్లాలలో, కొన్ని ‘నాటుమందుల’లో స్టెరాయిడ్లు ఉండవచ్చును. నెలలు వాడితే ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం జరుగుతుంది. అకస్మాత్తుగా ఆపితే ప్రాణాపాయం. ఇప్పటికే వాడుతున్నవారు తమంతట తాము ఆపక, పెద్దాసుపత్రిలో చెప్పి క్రమంగా తగ్గించుకోవాలి. అందులో ఏమున్నదో కాగితంపై వ్రాసి ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే వేయించుకోకండి.

నొప్పిని పరభాషలో చెప్పడం

తెలుగులో నొప్పికి ఎన్ని పేర్లో! సలుపు, పోటు, పీకుడు, తీపులు, మంట, తిమ్మిరి. ఏ రకమో తెలిస్తేనే తగిన మందు వ్రాయగలరు. సరిహద్దు దాటి ఆసుపత్రికి వెళ్లిన మనవారు ఈ మాటలన్నిటినీ ‘నొప్పి’ అన్న ఒక్క ముద్దగా చేసి చెప్పుకుంటున్నారు. కొన్ని మాటలు దగ్గర ఉంచుకోవడం మంచిది. మంటను తమిళంలో ఎరిచ్చల్, కన్నడంలో ఉరి, మరాఠీలో జళజళ, ఒడియాలో జళాపోడా అంటారు. ఎముకను తొలిచినట్లుండే నొప్పి తమిళులకు కుడైచ్చల్. సలుపును మరాఠీలో ఠణకా అంటారు. అలసటను కన్నడిగులు సుస్తు అంటారు; మన సుస్తీ అన్న మాటకు అది చుట్టమే. యానాం వారికి ఇంటిదగ్గర ఈ చిక్కు లేదు గాని, పుదుచ్చేరి జిప్మర్‌కు వెళ్లిననాడు తమిళం ఎదురవుతుంది.

నోటుపుస్తకంలోని లెక్కను ఒక్క పుటకు కుదించి, ఆంగ్లం తెలిసిన పిల్లలచేత వ్రాయించి తీసుకువెళ్లండి. జబ్బు ఎప్పుడు మొదలైనది, పూర్వం చేసిన పనులేమిటి, ఇప్పుడు చేయగలిగినవేమిటి, ఏ శ్రమకు ఎన్నాళ్లు పడుకున్నారు, వాడిన మందులేమిటి – ఇంత చాలును. తోడుగా వెళ్లే అత్తగారో భర్తో తాము కళ్లారా చూసినది చెబితే వైద్యుడు మరింత శ్రద్ధగా వింటాడు.

కీలు వాచినా, రాత్రిపూట జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఒకవైపు కాలుచేతులు పట్టు తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మలమూత్రాలపై అదుపు పోయినా అది పాత నొప్పేనని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏళ్లతరబడి నొప్పి, ఆపైన నమ్మనివారి మాటలు కలిసి కొందరిని ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనదాకా తీసుకుపోతాయి. అటువంటి మాట నోట వచ్చిన మనిషిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ రాష్ట్రం నుంచైనా, ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడే సౌకర్యం ఉన్నది.