పైన ఎర్రకాయ, అడుగున తాలు

వీడియో గేముల విషయంలో నా మొదటి ఆశాభంగానికి ఒక అంకె ఉంది: 9999999. తొంభై దశకం చివర్లో మా నాన్న ఖమ్మం మార్కెట్లో మిర్చి అమ్మి వస్తూ వస్తూ ఒక టీవీ గేము డబ్బా, దాంతోపాటు పసుపు రంగు క్యాసెట్టు తెచ్చాడు. (దాన్ని కార్ట్రిడ్జ్ అనాలని తెలిసేసరికి నాకు మీసాలొచ్చాయి. మా ఊరు బోనకల్లో అది ఇప్పటికీ క్యాసెట్టే.) క్యాసెట్టు మీద మారియో, తుపాకులు పట్టిన కాంట్రా వీరులు, కార్లు, విమానాలు, వాటి కింద ఆ అంకె. రోజుకు పది చొప్పున ఆడినా అన్నీ అయిపోవడానికి 2,700 ఏళ్లకు పైనే పడుతుందని నోటుబుక్కు వెనక లెక్క కట్టుకున్నాను. ఎండాకాలం సెలవులకు ఇంకేం కావాలి?

ఆ రాత్రి కరెంటు పోయేలోపే సంగతి తెలిసిపోయింది. పది పన్నెండు ఆటల తర్వాత మళ్లీ అవే మొదలయ్యాయి. మారియో రెండోసారి వచ్చినప్పుడు నేరుగా నాలుగో లెవెల్లో నిలబడ్డాడు. మూడోసారికి పేరు మార్చుకున్నాడు. క్యాసెట్టు తీసి, నోటితో ఊది, మళ్లీ పెట్టి చూశాను. ఊదితే దుమ్ము పోతుంది కానీ కొత్త ఆటలు రావు కదా. మంచం మీద నుంచి చూస్తున్న నాయనమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "పైన ఎర్రకాయ పెట్టి అడుగున తాలు పోశాడురా."

మిర్చి బస్తా గురించి మా ఊళ్లో తెలియనిది ఎవరికి? ఈ పాతికేళ్లలో వచ్చిన పెద్ద పెద్ద ఆటలన్నిటినీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, అంతకన్నా మంచి సమీక్ష నాకు ఎక్కడా కనబడలేదు.

ఆ డబ్బా నిజానికి జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫామికామ్‌కు నకలు. అంటే జపాన్ పిల్లలు ఆడి, విసిగి, మూల పడేసిన పదిహేనేళ్లకు అది మా ఇంటి గడప తొక్కింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు బోనకల్ బ్రాంచి దాకా వచ్చి, చివరి మడికి చేరేసరికి ఎగువన రెండో తడి కూడా అయిపోయి ఉంటుంది. ఢిల్లీ–చెన్నై రైలు మార్గం మా ఊరి మీదుగానే పోతుంది, సూపర్‌ఫాస్టులు మాత్రం మా స్టేషన్లో ఆగవు. దుమ్ము లేపుకుంటూ పోయే బోగీలను లెక్కపెట్టడమే మా వంతు. ఆటలూ అంతే. ప్రపంచం ఆట బాగోలేదని ఏడుస్తుంటే, మేం ఆట మా దాకా రాలేదని ఏడ్చేవాళ్లం. రెండు ఏడుపులూ ఒకటి కావు.

ప్రపంచం ఏడుపు మాకన్నా చాలా ముందే మొదలైంది. స్పీల్‌బర్గ్ 'ఈ.టి.' సినిమా పేరుతో అటారీ 1982లో ఆట తెచ్చింది. క్రిస్మస్‌కల్లా దుకాణాల్లో ఉండాలని, దాన్ని తయారుచేసిన హోవర్డ్ స్కాట్ వార్షాకు ఇచ్చిన గడువు సుమారు ఐదు వారాలు. ఆడేవాళ్లు గుంతలో పడటం, పైకి లేవడం, మళ్లీ పడటం, అంతే ఆట. అమ్ముడుపోని సరుకును మరుసటి ఏడాది న్యూమెక్సికోలోని అలమగోర్డో చెత్త దిబ్బలో పూడ్చారు. 2014లో తవ్వితే నిజంగానే బయటపడింది. చెడిన సరుకును పాతిపెట్టినందుకైనా వాళ్లను మెచ్చుకోవాలి. మన దగ్గరైతే కొత్త లేబుల్ అంటించి 9999999లో ఒకటిగా కలిపేవాళ్లు.

తర్వాతది కంప్యూటర్ల కాలం. మా వాడుకలో 'సిస్టమ్'. 2005 జూన్‌లో 'జీటీఏ శాన్ ఆండ్రియాస్' కంప్యూటర్లకు వచ్చింది. అది మా చేతికి అందింది ఇంకో రెండేళ్లకు, ఒక నెట్ సెంటర్‌లో, సీడీలో పట్టేలా కుదించిన 'రిప్' రూపంలో. కుదించడమంటే రేడియో పాటలు తీసేశారు, మధ్యలో వచ్చే కథ సన్నివేశాలు కత్తిరించారు, మాటలు మింగేశారు. మేం ఆడిన శాన్ ఆండ్రియాస్ మూగది. కార్లు ఊరేగింపులా చప్పుడు లేకుండా తిరిగేవి. హీరో ఎవరి మీద పగబట్టాడో తెలియకుండానే అందరినీ కొట్టేవాడు. చాలా ఏళ్లకు అసలు ఆట చూసినప్పుడు, తొలి సన్నివేశంలోనే వాడి తల్లి చనిపోయిన సంగతి తెలిసి తల కొట్టుకున్నాను. అందరూ మెచ్చిన ఆట మాకు సగమే అందింది. దాన్నే పూర్తి ఆట అనుకుని ఇష్టపడ్డాం.

ఆ ఆటలోని అడవుల్లో 'బిగ్‌ఫుట్' అనే మనిషికోతి ఉందని పుకారు. భద్రాచలం వైపు నుంచి సెలవులకు వచ్చిన మా పెద్దమ్మ కొడుకు దాన్ని చూశానని ఒట్టేసి మరీ చెప్పాడు. అడవి పక్కన పుట్టినవాడి మాట కదా అని నమ్మాం. గంటకు ఇరవై రూపాయల చొప్పున ఎన్ని సాయంత్రాలు ఆ చెట్ల మధ్య తిరిగామో! అలాంటి జంతువే లేదని ఆట చేసినవాళ్లే చెప్పారు. వాడు మాత్రం ఇప్పటికీ చూశాననే అంటాడు.

క్రికెట్ సంగతి వేరు. ఈఏ వారి 'క్రికెట్ 07' 2006 చివర్లో వచ్చింది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్లకు తప్ప మిగతా వాటికి పేర్ల హక్కులు లేవు. మన ఆటగాళ్ల పేర్లు వంకర టింకరగా ఉండేవి. కుర్రాళ్లే కూర్చుని పేర్లు సరిచేశారు, జెర్సీలు మార్చారు, తర్వాత ఐపీఎల్ జట్లనూ కలిపారు. దాని తర్వాతి ఆట కోసం ఏటా ఎదురుచూశాం. ఈఏ మళ్లీ ఆ వైపు చూడనే లేదు. వేరే సంస్థ 2013 నవంబరులో 'యాషెస్ క్రికెట్ 2013' విడుదల చేసింది. బంతి ఒక చోట పడితే ఫీల్డరు ఇంకో చోట పట్టే ఆ ఆటను రోజుల వ్యవధిలోనే అమ్మకం నుంచి తీసేసి డబ్బు వెనక్కిచ్చారు. మేం ఊళ్లో మళ్లీ 07నే పెట్టుకున్నాం. మంచి ఆట తర్వాత ఇంకో మంచి ఆట రాకపోవడం కూడా ఆశాభంగమే. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మన హైదరాబాద్ గురించి ఆగి చెప్పాలి. 2008 డిసెంబరులో అమీర్‌ఖాన్ సినిమాతో పాటే 'గజిని' ఆట వచ్చింది, చేసింది హైదరాబాద్ సంస్థ ఎఫ్ఎక్స్ ల్యాబ్స్. సూర్య గజినిని తెలుగులో ఎప్పుడో చూసేసిన మాకు కథ కొత్త కాదు. హైదరాబాద్ వాళ్లు త్రీడీలో ఆట చేశారన్నదే కొత్త. మరుసటి ఏడాది 'హనుమాన్: బాయ్ వారియర్' వచ్చింది. హైదరాబాద్‌కే చెందిన అరోనా టెక్నాలజీస్ చేసిన ఈ ప్లేస్టేషన్ 2 ఆట పూర్తిగా భారత్‌లో తయారైన తొలి ప్లేస్టేషన్ ఆట. దేవుణ్ణి బటన్లతో ఆడించడమేమిటని అమెరికాలో ఒక హిందూ నాయకుడు అభ్యంతరం చెప్పాడు. సమీక్షకుల బాధ వేరు: ఆ బటన్లు సరిగా పనిచేయవని. నాకు రెండో బాధే ఎక్కువ. సముద్రం దాటినవాడు చిన్న గట్టు మీదికి ఎగరలేక జారి పడుతుంటే గుండె తరుక్కుపోతుంది.

అయినా వాటి మీద నాకు కోపం లేదు. విదేశాల్లో వందలమంది ఏళ్ల తరబడి చేసే పనిని మనవాళ్లు కొద్దిమందితో, కొద్ది డబ్బుతో, సినిమా విడుదల తేదీ నెత్తిమీద పెట్టుకుని చేశారు. వార్షా పడ్డ పాట్లే అవి. సినిమా తేదీకి ఆటను తోసుకురాకూడదన్న పాఠం ఎవరికీ ఎక్కలేదు. 2017లో 'బాహుబలి' రెండో భాగం వచ్చే రోజుల్లో బెంగళూరు సంస్థ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ఫోన్లకు బాహుబలి ఆట ఇచ్చింది. ఏనుగు తొండం మీద నుంచి ఎక్కి బాణం వేద్దామని తెరిచినవాడికి రాజ్యం కట్టే పని దొరికింది: గోడ లేపు, ఆగు, ఇంకో గోడ లేపు, ఆగు. మాహిష్మతికి మేస్త్రీలం అయ్యామంతే.

ఇలా ఆశ చెడగొట్టిన విదేశీ ఆటల పేర్లు చాలా ఉన్నాయి కానీ రెండు మూడు చాలు. 'డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్' 1997లో ప్రకటించి 2011 జూన్‌లో ఇచ్చారు, 14 ఏళ్లు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగితే 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. అంత పెద్ద రాతి డ్యాముకు పన్నెండేళ్లు సరిపోయాయి! 'సైబర్‌పంక్ 2077' 2012లో ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2020 డిసెంబరు 10న తెచ్చారు. పాత ప్లేస్టేషన్లలో అది ఎంతగా కుప్పకూలిందంటే ఎనిమిది రోజులకే సోనీ తన దుకాణంలోంచి తీసేసింది. 2016 ఆగస్టులో వచ్చిన 'నో మ్యాన్స్ స్కై' కోటానుకోట్ల గ్రహాలు చూపిస్తానంది. ఆ వార్త చదవగానే నాకు పసుపు క్యాసెట్టు గుర్తొచ్చింది. ఒకటి నిజమే, ఆ ఆట చేసినవాళ్లు ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి మాట నిలబెట్టుకున్నారు. సైబర్‌పంక్ వాళ్లూ అంతే. క్యాసెట్టు వాడు మాత్రం మళ్లీ కనబడలేదు.

'నో మ్యాన్స్ స్కై' వచ్చిన సరిగ్గా మరుసటి నెల, 2016 సెప్టెంబరు 5న, జియో వచ్చింది. దాంతో మా లెక్క మొత్తం తారుమారైంది. పబ్జీ మొబైల్ 2018లో వచ్చినప్పుడు హైదరాబాద్ కుర్రాడూ బోనకల్ రచ్చబండ మీద కుర్రాడూ ఒకే రోజు మొదలుపెట్టారు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం దాన్ని నిషేధిస్తే ఇద్దరూ ఒకే రాత్రి దిగులుపడ్డారు. రెండు రోజులకే అక్షయ్‌కుమార్ 'ఫౌజీ' అనే ఆట ప్రకటించాడు. ముందస్తు నమోదు తెరిచిన మొదటి రోజే పది లక్షల మంది పేర్లిచ్చారు. వాళ్లలో మా వీధి వాళ్లు తొమ్మిదిమంది.

2021 జనవరి 26. జెండా ఎగరేసి, చాక్లెట్లు పంచుకుని, అందరూ స్కూలు గోడ నీడన చేరి డౌన్‌లోడ్ పెట్టారు. వందమంది దిగే యుద్ధభూమి ఉంటుందని వాళ్ల ఆశ. దొరికింది గల్వాన్ లోయలో ఒంటరి నడక. నడువు, శత్రువును పిడిగుద్దులు గుద్దు, దొరికితే గద తీసుకో, ఒంట్లో శక్తి తగ్గితే చలిమంట దగ్గర కూర్చో, మళ్లీ నడువు. తుపాకీ ఎక్కడన్నా అని ఒకడు అడిగితే, "చలి కాచుకోరా, అదే వస్తది" అన్నాడు ఇంకొకడు. దేశభక్తి అడ్డొచ్చి కాసేపు ఎవరూ నోరెత్తలేదు. తర్వాత ఒక్కొక్కడే ఒక స్టారు ఇచ్చి డిలీట్ కొట్టాడు. ప్లేస్టోర్‌లో రేటింగ్ కూడా ఆ వారంలోనే జారింది. నన్నడిగితే అది మా ఊరికి ఒక రకంగా పండుగే. చివరి మడికి ఎగువ మడితో పాటే నీళ్లందాయి, ఉప్పునీళ్లే అయినా.

ఫ్రీ ఫైర్‌ది ఇంకో కథ. చిన్న ఫోన్లలో కూడా నడిచేది కాబట్టి మాలాంటి ఊళ్లలో పబ్జీ కన్నా దాని రాజ్యమే ఎక్కువ. 2022 ఫిబ్రవరిలో నిషేధం పడింది. 2023 ఆగస్టు ఆఖర్న ధోనీ బొమ్మతో 'ఫ్రీ ఫైర్ ఇండియా' సెప్టెంబరు 5న వస్తుందన్నారు. తీరా ముహూర్తం దగ్గరపడ్డాక కొన్ని వారాలు ఆగమన్నారు. ఆ వారాలకు నెలలు, నెలలకు ఏళ్లు తోడయ్యాయి. పుణె వాళ్ల 'ఇండస్' అయితే 2022 జనవరిలో ప్రకటించి 2024 అక్టోబరులో వచ్చింది. అప్పటికి మా పిల్లలు వేరే ఆటల్లో పడిపోయారు.

ఇప్పుడు మా అక్క కొడుకు జీటీఏ 6 కోసం రోజులు లెక్కపెడుతున్నాడు. 2023 డిసెంబరులో తొలి ట్రైలర్ వచ్చింది. 2025 అన్నారు, 2026 మే 26 అన్నారు, ఆ తర్వాత నవంబరు 19 అన్నారు.

"మామయ్యా, అది మన ఫోన్లో ఆడుద్దా?"

"ఆడదురా. ప్లేస్టేషన్ 5 ఉండాలి, లేకపోతే కొత్త ఎక్స్‌బాక్స్."

వాడు కాసేపు చేలోకి చూశాడు. నవంబరంటే తోట పూత మీద ఉంటుంది, కోతలు సంక్రాంతి దాటాకే.

"పోనీలే, కోతలయ్యాకే కొందాం. ఈసారి క్వింటా ఎంత పలుకుద్దంటావ్?"