చాపకూడు పాఠం

ఒకటో తరగతిలో నేనూ ఒక రైతు కొడుకూ ఒకే జాంకాయ కొరుక్కు తిన్నాం. నా ఎంగిలి వాడికి చేదు కాలేదు. ఐదో తరగతికొచ్చేసరికి వాడు ఎత్తి నీళ్లు పొయ్యటం నేర్చాడు, నేను దోసిలి పట్టటం నేర్చాను. వాడికి వాళ్ల నాయనమ్మ నేర్పింది. నాకు మా అమ్మే నేర్పింది, "కొడతార్రా అయ్యా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటా.

మంచీ చెడూ పుట్టుకతోనే వస్తయ్యంటారు పెద్దోళ్లు. పుట్టుకతో వచ్చేదైతే ఐదేళ్లు నేర్పటం దేనికి?

మా పల్నాటి చరిత్రే చూడండి. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టాడనీ, మాల కన్నమదాసుని సేనానిని చేశాడనీ వీరగాథ చెబుతుంది. సమానత్వమూ నేర్పితే వచ్చిందే. మరి ఆ విద్య ఏమైంది? ఈ సీమలోనే, వినుకొండలో, 1895లో పుట్టిన జాషువా అంటరానితనం అనుభవించాడు. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం దాన్ని రద్దు చేసింది. నా దోసిలి ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లకు!

కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ ఏటా చాపకూడు పెడతారు. నేనూ తిన్నాను. కానీ పంతుల్ని కదా, నాకు తెలుసు: ఏడాదికొక్కరోజు చెప్పిన పాఠం ఏ పిల్లోడికీ రాదు. మిగతా 364 రోజులూ ఇళ్లల్లో వేరే పాఠం నడుస్తా ఉంటది.

మొన్న మా బడిలో మధ్యాహ్న భోజనం కాడ ఒకటో తరగతి పిల్ల, మా పేట పిల్లోణ్ణి చూసి కంచం దూరం జరుపుకుంది. తిట్టలేదు. ఇంటికాడ నేర్చుకొచ్చిందే అది. నా కంచం తెచ్చుకుని ఇద్దరి మధ్యా కూర్చున్నాను. రేపూ అక్కడే కూర్చుంటాను.