మూడు లక్షణములు – ఒకే వ్యాధి

కంటి లోపొరల వాపునకు కారణము ఎల్లప్పుడును కంటిలోనే యుండదు. ఇస్తాంబులు నగరమున హులూసి బెహ్చెట్ అను చర్మవైద్యుని యొద్దకు వచ్చిన కొందరు రోగులకు నోటిలోను, జననాంగములపైనను పుండ్లు, కంటిలో వాపు మాటిమాటికి కలుగుచుండెను. సిఫిలిస్, క్షయ వంటి రోగములను వైద్యులు శంకించిరి. గ్రీసు నేత్రవైద్యుడు అడమాంటియాడిస్ ఇట్టి రోగినే గూర్చి 1931లో ప్రచురించెను. ఈ మూడును ఒకే వ్యాధి లక్షణములని 1937లో బెహ్చెట్ ప్రకటించెను. ఇది రక్తనాళముల వాపు వలన కలుగునని నేడు తెలియును. దీనిని నిశ్చయించు రక్తపరీక్ష మాత్రము నేటికిని లేదు. కనుక నేత్ర, చర్మ, కీళ్ళ వైద్యులు తాము చూచినదానిని ఒకచోట చేర్చవలసి యున్నది. ఆలస్యమైనచో చూపు పోవచ్చును. "నోటిలో పుండ్లు వచ్చుచుండునా?" యని కంటివైద్యుడు అడుగు చిన్న ప్రశ్నయే ఒక్కొక్కప్పుడు చూపును నిలుపును.