దీపానికి కళ్లెం

బస్తరు పీఠభూమిలో నీరు నిలిచే పల్లపు పొలాలను అక్కడివారు గభార్ అంటారు. ఆ నేలల్లో వేసే పాతకాలపు దీర్ఘకాలిక వరి రకాలకు ఒక వింత అలవాటు ఉంది. కొంచెం ముందు విత్తినా వెనక విత్తినా, పగలు పొట్టిపడ్డాక దాదాపు ఒకే వేళకు ఈనుతాయి. పంచాంగం చూసుకుంటున్నాయా అనిపిస్తుంది. డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా 1970లలో రాయపూర్ కేంద్రంగా ఇటువంటి దేశవాళీ వరి రకాలను వేల సంఖ్యలో సేకరించారు. ఆ విత్తనాలు నేడు అక్కడి ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అయితే ఏడాదికి ఒక్కసారే ఈనే మొక్కను సంకరపరచి, గుణాలు స్థిరపడేవరకు ఆరేడు తరాలు పెంచాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఏళ్లు తగ్గాలంటే పగటిని మనమే తయారుచేసుకోవాలి. గది కట్టి దీపాలు పెట్టాలి. పంటల సంగతి బాగా తెలిసినవారు కూడా తడబడే చోటు ఇక్కడే వస్తుంది. దాని పేరు చోకు.

విద్యుద్దీపం కింద మొక్కను పెంచాలన్న ఆలోచన ఎడిసన్ బల్బు కంటే పాతది. 1861లో ఫ్రాన్సులో హెర్వే మాంగోన్, విద్యుత్ చాపం వెలుగులో మొలకలకు పత్రహరితం వస్తుందని చూపాడు. 1880లో ఇంగ్లండులో విలియం సీమెన్స్ తన తోటలోని మొక్కలకు రాత్రివేళ చాపదీపం వెలుగునిచ్చాడు. దీపానికి గాజు అడ్డం లేనప్పుడు ఆకులు దెబ్బతిన్నాయి. అడ్డం పెట్టాక ఆ హాని తగ్గింది. అతినీలలోహిత కిరణాలను గాజు చాలావరకు ఆపేస్తుందని మీకు తెలుసు కదా! 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా మొక్కలు పూసే వేళను పగటి నిడివి నిర్ణయిస్తుందని వెల్లడించారు. గభార్ వరి పంచాంగం గుట్టు అదే.

చాపదీపానికి ఒక జబ్బు ఉంది. మామూలు తీగలో కరెంటు పెరగాలంటే వోల్టేజి పెంచాలి. చాపంలో వ్యవహారం తలకిందులు. కరెంటు పెరిగేకొద్దీ దానికి కావలసిన వోల్టేజి తగ్గిపోతుంది. దీన్ని ఓపిగ్గా కొలిచి సూత్రబద్ధం చేసినవారు హెర్తా అయర్టన్ అనే బ్రిటిష్ మహిళ. ఆమె గ్రంథం 1902లో వెలువడింది. వాయువులో అయాన్లు పుట్టేకొద్దీ కరెంటుకు దారి సుగమమవుతుంది. కరెంటు పెరిగితే అయాన్లు మరిన్ని పుడతాయి. దీపాన్ని నేరుగా మెయిన్సుకు కలిపితే ఫ్యూజైనా పోవాలి, దీపమైనా పగలాలి. పాదరస దీపం, ట్యూబులైటు, సోడియం దీపం, అన్నిటిదీ ఇదే జబ్బు.

ఆ గుర్రానికి వేసే కళ్లెమే బాలస్టు. ఓడ తూగకుండా అడుగున వేసే బరువుకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఇది. దీనికి తెలుగు మాట కోసం చాలాసేపు వెతికి, చివరికి మన వీధి ఎలక్ట్రీషియన్ అనే చోకు అన్న మాటకే వచ్చాను. ఇనుప రేకుల దొంతరపై రాగి తీగ చుట్టిన తీగచుట్ట అది. తీగచుట్టే ఎందుకు, మామూలు నిరోధం చాలదా? లెక్క వేసి చూడండి. 400 వాట్ల సోడియం దీపానికి సుమారు 100 వోల్టులు, 4.6 ఆంపియర్లు కావాలి. మన సరఫరా 230 వోల్టులు. మిగిలిన 130 వోల్టులను నిరోధం భరించాలంటే దాదాపు 600 వాట్లు వేడిగా పోతాయి. దీపం తినేదానికంటే అది తినేదే ఎక్కువ! చోకులో నష్టం దీపం వాటేజిలో పదోవంతుకు అటూ ఇటూ ఉంటుంది. చోకు మీద మీటరు పెడితే మాత్రం 200 వోల్టులకు పైగా చూపుతుంది. దీపానిది కలిపితే 230 దాటిపోయిందేమని కంగారు పడకండి. ఆ రెండు వోల్టేజిలూ ఒకే క్షణంలో శిఖరానికి చేరవు.

ఇక జత కుదర్చడం. బల్బు మీద 400 అని ఉంది, చోకు మీదా 400 అని ఉంది కనుక సరిపోతుందని అనుకోవడమే అసలు పొరపాటు. 400 వాట్ల పాదరస దీపం సుమారు 3.25 ఆంపియర్లతో పనిచేస్తుంది, అదే వాటేజి సోడియం దీపానికి 4.6 కావాలి. పాదరస దీపపు చోకుకు సోడియం దీపాన్ని తగిలిస్తే అసలు వెలగకపోవచ్చు. ఎందుకంటే దానికి కొన్ని వేల వోల్టుల తాకిడినిచ్చే ఇగ్నైటరు విడిగా ఉండాలి. ఇగ్నైటరు పెట్టి వెలిగించినా కరెంటు చాలక నీరసంగా వెలుగుతుంది. సోడియం చోకుకు 3.4 ఆంపియర్ల మెటల్ హాలైడు దీపాన్ని పెడితే కరెంటు మితిమీరి ఆయువు తగ్గుతుంది. నీరసమే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం. పగిలిన దీపం కంటికి కనబడుతుంది. నీరసంగా వెలిగే దీపం కింద మొక్కలు సన్నగా సాగితే మాత్రం ఆ తప్పు విత్తనం ఖాతాలో పడుతుంది.

జత చక్కగా కుదిరిన ఉదాహరణ మన ఇళ్లలోనే ఉండేది. 40 వాట్ల లావు ట్యూబు స్థానంలో 36 వాట్ల సన్న ట్యూబు వచ్చినప్పుడు ఎవరూ చోకు మార్చలేదు. రెండింటికీ కరెంటు దాదాపు 0.43 ఆంపియర్లే. కణజాల వర్ధన గదుల అరలకు బిగించినవీ ఈ ట్యూబులే. వేడి పుట్టించే చోకులను మాత్రం చాలాచోట్ల గది బయట గోడకు బిగించేవారు.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారు సోడియం దీపాల కింద రోజుకు 22 గంటల వెలుగునిచ్చి గోధుమను ఏడాదిలో ఆరు తరాల వరకు పెంచవచ్చని చూపారు. ఆ ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఇలా తరాలను వేగంగా పెంచే కేంద్రం 2022 ఫిబ్రవరి 5న ప్రారంభమైంది. ఇటువంటి గదుల్లోకి ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపాలు వస్తున్నాయి. వాటికి చోకు అక్కరలేదన్నది సగం నిజమే. వోల్టేజి కాస్త పెరిగితే ఎల్.ఇ.డి.లో కరెంటు అమాంతం పెరుగుతుంది. అందుకే డ్రైవరు అనే పరికరం కరెంటును పట్టి ఉంచుతుంది. అక్కడా ముందు చూడవలసింది వాట్లు కాదు, ఆంపియర్లే.

గోధుమకూ శనగకూ నప్పిన 22 గంటల వెలుగు బస్తరు వరికి నప్పదు. దాన్ని త్వరగా ఈనించాలంటే దీపాలు పది గంటలకే ఆరిపోవాలి. ఆ తరువాత తలుపు సందులోంచి పడే వరండా దీపం వెలుగు కూడా వెన్నును ఆలస్యం చేయగలదు.