యుద్ధం పేరు చెప్పి కట్టిన విమానాశ్రయం

యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక శాఖలో ఉపమంత్రిగా పనిచేసిన హెరాల్డ్ బాల్ఫర్ 1973లో ఆత్మకథ వేసుకున్నాడు. తోటి మంత్రుల కళ్ళుగప్పిన వైనం అందులో కాస్త గర్వంగానే చెప్పుకున్నాడు. జపాన్‌తో పోరుకు దూరప్రయాణ విమానాలు పంపాలి, లండన్ పక్కన వైమానిక దళానికి స్థావరం కావాలి అని 1944లో వాదించింది ఆయనే. మనసులో ఉన్నది మాత్రం యుద్ధం అయ్యాక లండన్‌కు పనికొచ్చే పౌర విమానాశ్రయం. అదే హీత్రో!

సైనిక స్థావరాలు విమానాశ్రయాలవడం కొత్త కాదు. చికాగో ఓహేర్ యుద్ధంలో డగ్లస్ కంపెనీ సి-54 రవాణా విమానాలు తయారుచేసిన చోటు. మన గన్నవరం కూడా రెండో ప్రపంచయుద్ధం నాటి స్థావరమే. అక్కడ సైన్యం వాడుకుని వదిలింది. హీత్రోలో మాత్రం సైన్యం అడుగుపెట్టకుండానే యుద్ధం ముగిసింది.

మరి అబద్ధం దేనికి? పౌర విమానాశ్రయం అంటే బహిరంగ విచారణ జరపాలి, రైతులు అడ్డుపడతారు, ఏళ్ళు గడుస్తాయి. యుద్ధావసరం అంటే 1939 నాటి రక్షణ చట్టం కింద అప్పీలు లేకుండా లాక్కోవచ్చు. 1944లో హీత్రో అనే పల్లెను ఖాళీ చేయించి ఇళ్ళు కూల్చేశారు. లండన్ కోవెంట్ గార్డెన్ మార్కెట్‌కు కూరగాయలు, పండ్లు పంపిన నేల అది. అంత సారవంతమైన భూమి మీద కాంక్రీటు పోయడానికి అబద్ధమాడవలసి వచ్చిందంటే, నిజం చెబితే ఒప్పుకోరని వాళ్ళకీ తెలుసన్నమాట.

రన్‌వే దారిలో ఇనుపయుగపు గుడి పునాదులు బయటపడితే, పురావస్తువేత్త గ్రైమ్స్ బుల్‌డోజర్ల కన్నా ముందే హడావిడిగా తవ్వి నమోదు చేశాడు. అక్కడినుంచి ఒక్క గెంతులో 1784కు వస్తే, జనరల్ విలియం రాయ్ ఇంగ్లండ్ సర్వేకు మొదటి ఆధారరేఖ కొలిచింది ఈ పల్లె నుంచే. రేఖ కొసన ఫిరంగిని నిలువుగా పాతారు. 1802లో మద్రాసులో లాంబ్టన్ మొదలుపెట్టిన భారతదేశపు మహా సర్వేకు రాయ్ పనే ఒరవడి. 1944లో ఆ ఫిరంగినీ పీకేశారు.

నాకు బాగా నచ్చేది 1946. జనవరి 1న విమానాశ్రయం పౌర శాఖ చేతికొచ్చింది. అదే రోజు బ్యూనస్ ఐరిస్‌కు తొలి విమానం లేచింది. అది లాంకాస్టర్ బాంబర్‌ను మార్చి చేసిన లాంకాస్ట్రియన్. నడిపిన డాన్ బెన్నెట్, యుద్ధంలో బాంబర్లకు దారిచూపిన దళానికి అధిపతి. విమానమూ సైన్యానిదే, పైలటూ సైన్యం మనిషే, ఒక్క విమానాశ్రయమే కాదు! టెర్మినల్ కట్టనేలేదు కాబట్టి సైన్యం వాడిన డేరాలు వేశారు. డేరాల్లో సోఫాలు, పూలకుండీలు, బారు, పుస్తకాల దుకాణం, తంతి కౌంటరు. వెచ్చదనానికి ఏర్పాటు లేదు. ఎండాకాలం వస్తే గుడ్డ గోడలు ఎత్తి కట్టేవాళ్ళు. సూటూబూటూ వేసుకున్న ప్రయాణికులు బురద మీద పరిచిన చెక్కపలకల మీదుగా నడిచి విమానం ఎక్కేవాళ్ళు. పెళ్ళిపందిరి లాంటి ఆ విమానాశ్రయంలో ఉన్న సరదా ఇప్పటి గాజుమేడల్లో వెతికినా దొరకదు.

రెండేళ్ళకు మనవాళ్ళూ వచ్చారు. 1948 జూన్ 8న బొంబాయిలో బయల్దేరిన ఎయిరిండియా ‘మలబార్ ప్రిన్సెస్’ కైరో, జెనీవాల మీదుగా లండన్ చేరింది.

వైమానిక దళం పేరిట గీసిన రన్‌వేల త్రిభుజం మీద పౌర అధికారులు ఇంకో త్రిభుజం తిరగేసి వేశారు, ఆరు మూలల నక్షత్రం అయింది. దాంతో టెర్మినళ్ళు నడిమధ్యన ఇరుక్కుపోయాయి. జనాన్ని లోపలికి తేవడానికి రన్‌వే కింద సొరంగం తవ్వవలసి వచ్చింది. 1955లో అక్కడి తొలి శాశ్వత టెర్మినల్‌ను రాణి ప్రారంభించింది. 1968లో ఫిరంగినీ తెచ్చి మళ్ళీ పాతారు.

హీత్రోలో నేల పోగొట్టుకున్నది రైతులే కాదు. విమానాలు తయారుచేసే రిచర్డ్ ఫెయిరీ 1930లో అక్కడి ఊరి చర్చి గురువు నుంచి 150 ఎకరాలు 15,000 పౌండ్లకు కొని, తన కంపెనీ విమానాల పరీక్షకు మైదానం వేసుకున్నాడు. అదీ 1944లో పోయింది. పరిహారం కోసం అంత పెద్ద కంపెనీ కూడా ప్రభుత్వంతో ఏళ్ళతరబడి పోరాడింది. 16 లక్షల పౌండ్లకు లెక్క తేలేసరికి 1964 వచ్చింది. ఫెయిరీ అప్పటికి ఎనిమిదేళ్ళ కిందటే చనిపోయాడు.