ఎద్దుతో పోల్చిన మనిషి తన ఇల్లు తానే కట్టుకున్నాడు: మేనేజ్‌మెంట్ శాస్త్రం పుట్టుక కథ



మన గ్రూపులో ఎంబీఏ చదివేవాళ్లున్నారు, బీకాం వాళ్లున్నారు, సివిల్స్‌కి పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆప్షనల్ తీసుకున్నవాళ్లూ ఉన్నారు. అందరికీ తెలిసిన ప్రశ్న ఒకటుంది: శాస్త్రీయ నిర్వహణ పితామహుడు ఎవరు? జవాబు ఎఫ్.డబ్ల్యూ. టేలర్. బిట్ పేపర్లో ఒక్క మార్కు, అయిపోయింది. కానీ ఆ ఒక్క మార్కు వెనక కూలీ మనుషుల కథ ఒకటుంది. మనం తెలుసుకోవాల్సింది అదే. పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి.

టేలర్ కంటే ముందు

1800లో స్కాట్లాండ్‌లోని న్యూ లానార్క్ నూలు మిల్లుల నిర్వహణ రాబర్ట్ ఓవెన్ చేతికొచ్చింది. పదేళ్లలోపు పిల్లల్ని పనిలోకి తీసుకోవడం ఆపాడు. 1816లో వాళ్ల కోసం బడి తెరిచాడు. మంచి పనే. అయితే అదే ఓవెన్ ప్రతి కార్మికుడి దగ్గరా నాలుగు రంగుల చెక్క దిమ్మె వేలాడదీశాడు. నిన్న పని బాగుంటే తెలుపు వైపు, బాగోకపోతే నలుపు వైపు అందరికీ కనపడేలా తిప్పేవాళ్లు. ఎవరూ తిట్టక్కర్లేదు, దిమ్మె చాలు!

1832లో ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ యంత్రాల మీద, తయారీ మీద ఒక పుస్తకం రాశాడు. కంప్యూటర్ పాఠంలో మనం చదివే బాబేజే. గుండుసూదుల తయారీని ముక్కలు ముక్కలుగా లెక్కేసి చూపించాడు. పనిని విడగొడితే నైపుణ్యం కావాల్సిన ముక్కకే ఎక్కువ కూలీ ఇచ్చి, మిగతా ముక్కలు తక్కువ కూలీకి చేయించుకోవచ్చన్నాడు. యజమానికి ఎంత లాభమో వేరే చెప్పాలా?

మూడో చోటు గురించి పాఠ్యపుస్తకాలు పెద్దగా మాట్లాడవు. అమెరికా దక్షిణాది పత్తి తోటలు. 1840ల చివర్లో థామస్ అఫ్లెక్ అనే ఆయన తోటల యజమానుల కోసం ఖాతా పుస్తకాలు అచ్చేసి అమ్మాడు. ఏ బానిస ఏ రోజు ఎన్ని పౌన్ల పత్తి ఏరాడో రాయడానికి గళ్లు. ఏడాది మొదట్లో ఆ మనిషి ఖరీదెంత, చివర్లో ఎంత అని రాయడానికీ గళ్లు. కెయిట్లిన్ రోసెంథాల్ అనే చరిత్రకారిణి ఇలాంటి రికార్డులన్నీ తిరగేసి 2018లో పుస్తకమే రాసింది. మనిషి పనిని కొలిచే విద్య ఫ్యాక్టరీల్లోనే పెరగలేదు. "చేయను" అనే హక్కు లేని మనుషుల మీద కూడా పెరిగింది. గాంట్ చార్టు గీసిన హెన్రీ గాంట్ టేలర్ సహచరుడు. ఆయన 1861లో మేరీలాండ్‌లో, బానిసలున్న కుటుంబంలోనే పుట్టాడు.

టేలర్, ఇనుప దిమ్మెలు

టేలర్ 1856లో ఫిలడెల్ఫియాలో కలిగినవాళ్ల ఇంట్లో పుట్టాడు. 1878లో మిడ్‌వేల్ ఉక్కు కంపెనీలో చేరి, పనివాళ్ల మధ్య తిరుగుతూ పైకొచ్చాడు. అక్కడ ఆయనకి అర్థమైన విషయం ఒకటే: పని ఎలా చేయాలో, ఎంతసేపట్లో చేయొచ్చో పనివాళ్లకి తెలుసు, యజమానికి తెలీదు. అందుకే స్టాప్‌వాచ్ పట్టాడు.

1899లో బెత్లెహెం ఉక్కు కంపెనీలో జరిగిన పని ఆయన ఎక్కువగా చెప్పుకున్న ఉదాహరణ. కూలీలు ఒక్కోటి 92 పౌన్ల ఇనుప దిమ్మెలు మోసి రైలు బండికెక్కించాలి. అంటే దాదాపు 42 కిలోలు. అప్పటిదాకా మనిషికి రోజుకి పన్నెండున్నర టన్నులు. టేలర్ లెక్క ప్రకారం నలభై ఏడున్నర. కూలీ 1.15 డాలర్ల నుంచి 1.85కి పెంచారు. లెక్క మీరే చూడండి: పని దాదాపు నాలుగింతలు, కూలీ పెరిగింది 60 శాతం.

ఆ పని చేసి చూపించిన మనిషిని టేలర్ తన 1911 పుస్తకంలో "ష్మిట్" అన్నాడు. అసలు పేరు హెన్రీ నోల్. ఇలాంటి పనికి సరిపోయేవాడు బుద్ధిలో ఎద్దులాంటివాడై ఉండాలని రాశాడు. అదే పుస్తకంలో, కొన్ని పేజీల ముందే, ష్మిట్ చిన్న జాగా కొనుక్కుని, పొద్దున పనికెళ్లే ముందు, సాయంత్రం తిరిగొచ్చాక, తన ఇంటి గోడలు తానే కట్టుకుంటున్నాడని కూడా రాశాడు.

ఒక్కసారి ఆలోచించండి. రోజంతా ఇనుము మోసి, మళ్లీ సొంతంగా ఇల్లు కట్టుకునే మనిషికి బుద్ధి లేదా? పునాది ఎంత, గోడ ఎంత, డబ్బు ఎంత, ఏ పని ఎప్పుడు అని చూసుకోవడం మేనేజ్‌మెంట్ కాదా? పైగా 1974లో ఇద్దరు పరిశోధకులు పాత రికార్డులు తీసి చూస్తే, టేలర్ చెప్పిన కథలో చాలా భాగం అల్లిందేనని తేలింది.

టేలర్ మొదటి సూత్రం జాగ్రత్తగా చదవండి. పనివాళ్ల దగ్గర తరతరాలుగా ఉన్న తెలివినంతా మేనేజర్లు సేకరించి, నియమాలుగా మార్చి రాసుకోవాలి. ఆ తర్వాత ఆలోచన ఆఫీసుది, చేయడం కూలీది. ముందు తెలివి తీసుకున్నారు, తర్వాత తెలివి లేదన్నారు. వరస ఇదీ.

కూలీలు ఊరుకోలేదు

1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోతపని చేసేవాళ్లు స్టాప్‌వాచ్‌కి ఎదురుతిరిగి పని ఆపేశారు. అమెరికా కాంగ్రెస్ విచారణ పెట్టింది. 1912లో టేలరే వచ్చి సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది. 1915లో సైన్యం నిధుల చట్టంలో, ఆ డబ్బుతో కార్మికుల మీద స్టాప్‌వాచ్ పెట్టకూడదని రాశారు. స్టాప్‌వాచ్‌కి భయపడి కాదు వాళ్లు ఆపింది. తమని అడక్కుండా తమ పనిని కొలిచినందుకు.

వేరే దారిలో ఆలోచించినవాళ్లు

ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీమేస్త్రిగా పని నేర్చుకున్నవాడు. ఇటుక పేర్చడంలో 18 కదలికలుంటే ఐదుకి తగ్గించాడు. ఇటుకలు నడుము ఎత్తులో ఉండేలా పరంజా మార్చాడు, వంగి లేచే బాధ తప్పింది. ఆయన భార్య లిలియన్ 1914లో మేనేజ్‌మెంట్ మనస్తత్వం మీద పుస్తకం రాసింది. ఆడమనిషి రాసిందని తెలియకుండా పేరు పొట్టి అక్షరాల్లో వేశారు.

ఫ్రాన్స్‌లో హెన్రీ ఫేయోల్ గని ఇంజినీరు. 1888లో నష్టాల్లో ఉన్న కంపెనీ పగ్గాలు పట్టి నిలబెట్టాడు. 1916లో 14 సూత్రాలు రాశాడు. నిర్వహణ పుట్టుకతో వచ్చే గుణం కాదు, నేర్పితే వస్తుందన్నాడు. పై కులం, పెద్ద ఇల్లు ఉంటేనే నాయకత్వం వస్తుందనేవాళ్లకి ఈ ముక్క చెప్పండి.

మేరీ పార్కర్ ఫాలెట్ బోస్టన్ పేటల్లో సముదాయ కేంద్రాలు నడిపి ఈ రంగంలోకొచ్చింది. మనుషుల మీద అధికారం వేరు, మనుషులతో కలిసి పంచుకునే అధికారం వేరు అంది. ఊళ్లో అందరూ కూర్చుని తేల్చుకునే పంచాయితీ చూసినవాళ్లకి ఈ మాట గైడు లేకుండానే అర్థమవుతుంది.

ఇక మన మాట

పరీక్షలో టేలర్ అనే రాయండి, మార్కు వదులుకోవద్దు. కానీ రేపు మీరు ఆఫీసర్లయ్యాక, మేనేజర్లయ్యాక ఏ సర్వే ఫారం పట్టుకున్నా మూడు ప్రశ్నలు వేసుకోండి. కొలిచేది ఎవరు? కొలిచే ముందు వాళ్లని అడిగామా? పెరిగిన లాభంలో వాళ్ల వాటా ఎంత?

మన పెద్దవాళ్లు ఏ గట్టు మీద ఏ విత్తనం, ఏ వానకి ఏ పని, ఏ ఇంటికి ఎంతమంది సాయం అని నోటి లెక్కతోనే నడిపించారు. దాన్ని ఎవరూ శాస్త్రం అనలేదు, ఎందుకంటే రాసినవాళ్లు లేరు. ఇప్పుడు రాయడం వచ్చినవాళ్లం మనమున్నాం. మీ ఊళ్లో పని ఎలా పంచుకుంటారో అడిగి తెలుసుకుని, చెప్పినవాళ్ల పేరు వాళ్లకే ఇచ్చి, కింద రాయండి. మేము చదువుతాం.

జోహార్.