అమెరికాలో జాతి వివక్ష: కోనసీమ నుంచి ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ వ్యాసం చదివిన తరవాత మీరు:
- అమెరికాలో జాతి వివక్ష చట్టాల రూపంలో ఎలా నిలిచిందో వివరించగలుగుతారు.
- తెలుగువారి అమెరికా వలసకూ నల్లజాతి పౌర హక్కుల ఉద్యమానికీ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
- జాతి వివక్షను, కుల వివక్షను పోల్చి చర్చించగలుగుతారు.

1. పరిచయం

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి ఎందరో విదేశాలకు వెళ్లారు. కొందరు పని కోసం గల్ఫ్ దేశాలకు, కొందరు చదువు కోసం, ఉద్యోగాల కోసం అమెరికాకు వెళ్లారు. మీ వీధిలోనో, మీ బంధువుల్లోనో అలాంటి కుటుంబం ఉండే ఉంటుంది. అయినా అమెరికాలోని జాతి వివక్ష గురించి చదివేటప్పుడు అది తెల్లవారికీ నల్లవారికీ మధ్య ఉన్న తగవనీ, మనకు సంబంధం లేదనీ అనుకుంటాం. ఆ చరిత్రలో తెలుగువారికి కూడా చోటు ఉందని ఈ వ్యాసంలో చూస్తారు.

2. బానిసత్వం నుంచి వేర్పాటు చట్టాల దాకా

1619లో ఆఫ్రికన్లను వర్జీనియా తీరానికి తెచ్చి అమ్మారు. ఆ తరవాత రెండు శతాబ్దాలకు పైగా దక్షిణాది పొగాకు, పత్తి తోటలు బానిసల శ్రమ మీదే నడిచాయి. అంతర్యుద్ధం ముగిశాక 1865లో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వ సవరణ పౌరసత్వాన్ని, 1870లో 15వ సవరణ నల్లజాతి పురుషులకు ఓటు హక్కును ఇచ్చాయి.

కాగితం మీది హక్కు ఆచరణలో ఎలా ఆగిపోయిందో గమనించండి. దక్షిణాది రాష్ట్రాలు ఓటు వేయడానికి పన్ను పెట్టాయి, అక్షరాస్యత పరీక్షలు పెట్టాయి. పరీక్ష పెట్టేదీ, ఫలితం తేల్చేదీ తెల్ల అధికారే. చదువుకున్న నల్లజాతి ఉపాధ్యాయుణ్ణి కూడా తప్పించవచ్చు. చట్టంలో రంగు అనే మాట లేకుండానే రంగును బట్టి ఓటు పోయింది. 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు, సదుపాయాలు సమానంగా ఉంటే రెండు జాతులనూ వేరుగా ఉంచడం తప్పు కాదని తీర్పు ఇచ్చింది. బడి, రైలు పెట్టె, మంచినీళ్ల కుళాయి వేరయ్యాయి. సమానత్వం మాత్రం రాలేదు.

3. భారతీయులకు మూసిన తలుపు

1790 నాటి చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో స్వేచ్ఛాయుతులైన తెల్లవారు మాత్రమే అమెరికా పౌరులు కాగలరు. 1870లో ఆఫ్రికా సంతతివారికీ ఆ అవకాశం కల్పించారు. ఆసియావారు మిగిలిపోయారు. 1917 చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని అధిక భాగం నుంచి వలసను నిషేధించింది.

అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ పౌరసత్వం కోసం కోర్టుకు వెళ్లాడు. తాను ఉన్నత కులానికి చెందిన ఆర్యుణ్ణనీ, కాబట్టి తెల్లవాడినే అనీ అతని వాదన. 1923లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. సామాన్య జనం దృష్టిలో అతను తెల్లవాడు కాడని చెప్పింది. ఈ వాదనను జాగ్రత్తగా పరిశీలించండి. గీత గీయడమే తప్పని అతను అనలేదు. గీతకు అవతలి వైపున తనకూ చోటు ఇమ్మని, అందుకు తన కులాన్నే సాక్ష్యంగా చూపాడు.

ఆ కాలంలోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరారు. రాజోలు వైపు నుంచి వశిష్ఠ గోదావరి దాటితే భీమవరం ఎంతో దూరం కాదు. ఆయన హార్వర్డ్‌లో పరిశోధన చేస్తూ, పొట్ట గడవడానికి ఆస్పత్రిలో చిన్న పనులు చేశారు. శరీర కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద, ఫోలిక్ ఆమ్లం మీద జరిగిన పరిశోధనల్లో ఆయన పాత్ర గొప్పది. భారతీయులకు పౌరసత్వ హక్కు 1946లో గాని రాలేదు. అప్పుడు కూడా వలసకు అనుమతి ఏడాదికి 100 మందికే. సుబ్బారావు అమెరికా పౌరుడు కాకుండానే 1948లో మరణించారు.

4. తలుపు తెరిచింది ఎవరు?

1955 డిసెంబరులో మాంట్‌గొమరీ పట్టణంలో రోజా పార్క్స్ బస్సులో సీటు వదలడానికి నిరాకరించారు. నల్లజాతి ప్రజలు 381 రోజులు బస్సులు ఎక్కకుండా కాలినడకన పనికి వెళ్లారు. మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలో ఉద్యమం విస్తరించింది. 1964లో పౌర హక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చాయి. అదే ఏడాది అక్టోబరు 3న కొత్త వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశారు. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత పద్ధతిని అది రద్దు చేసింది. పుట్టుకను బట్టి హక్కులు నిర్ణయించకూడదన్న సూత్రాన్ని నల్లజాతి ప్రజలు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి దేశం ముందు నిలబెట్టారు. ఆ తలుపు గుండానే మన డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికాలో అడుగుపెట్టారు.

"మనవాళ్లు కష్టపడి పైకొచ్చారు, నల్లవాళ్లు ఎందుకు రాలేదు?" అనే మాట మీరు విని ఉంటారు. ఈ పోలికలో రెండు విషయాలు మరుగున పడతాయి. ఒకటి, 1965 చట్టం నైపుణ్యం ఉన్నవారికి ప్రాధాన్యం ఇచ్చింది. కాబట్టి వెళ్లినవారిలో చాలామంది అప్పటికే ఉన్నత విద్య పొందినవారు. రెండు, 1930ల నుంచి ప్రభుత్వ సంస్థలే నల్లవారి వాడలను పటాలపై ఎర్రరంగుతో గుర్తించి, అక్కడ ఇంటి రుణాలు ఇవ్వడం ప్రమాదమని తేల్చాయి. ఇల్లు లేనివాడు పిల్లలకు ఏ ఆస్తి ఇస్తాడు? చట్టం మారినా ఆ లోటు తరాల పాటు కొనసాగింది.

5. నేటి పరిస్థితి

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడపై పోలీసు అధికారి మోకాలు నొక్కిపెట్టడంతో ఆయన చనిపోయారు. అంతకు మూడేళ్ల ముందు, 2017 ఫిబ్రవరి 22న, కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతేలో హైదరాబాదుకు చెందిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లజాతీయుడు తన దేశం వదిలి పొమ్మని అరుస్తూ కాల్చి చంపాడు. అడ్డుకోబోయి తూటా తగిలించుకున్న వ్యక్తి కూడా తెల్లజాతీయుడే. జాతి వివక్షను ఒక జాతి మనుషుల స్వభావంగా కాక, ఒక వ్యవస్థగా అర్థం చేసుకోవాలనడానికి ఇది కూడా ఒక కారణం.

6. మన సమాజం వైపు

జోతిరావు ఫూలే 1873లో తన 'గులాంగిరి' గ్రంథాన్ని బానిస విమోచనకు పాటుపడిన అమెరికన్లకు అంకితం చేశారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు లేఖ రాశారు. రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న స్వాతంత్ర్యోద్యమ కాలంలోనే 'మాకొద్దీ నల్లదొరతనం' రాసి, తెల్లదొర పోతే చాలా అని ప్రశ్నించారు.

జాతి, కులం ఒకటి కావు. రంగు కంటికి కనిపిస్తుంది. కులం కనిపించదు. అందుకే మన దగ్గర ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, చివరికి ఏ పేట అని అడుగుతారు. కానీ నివాసాన్ని వేరు చేయడం, పెళ్లిని కట్టడి చేయడం, పుట్టుకను బట్టి గౌరవాన్ని కొలవడం రెండింటిలోనూ ఉన్నాయి. కులం విమానం కూడా ఎక్కింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర పాలకమండలి కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికా నగరాల్లో ఇదే మొదటిది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది. మంత్రి ఇల్లు, శాసనసభ్యుని ఇల్లు తగలబడ్డాయి. కోనసీమ అన్న పేరే తమ గుర్తింపని వ్యతిరేకించినవారు అన్నారు. తమకు దక్కవలసిన గౌరవం అందులో ఉందని సమర్థించినవారు అన్నారు. చివరకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అన్న పేరు ఖరారైంది. ఒక పేరు మీద ఇంత ఆవేశం ఎందుకు కలిగిందో అర్థం చేసుకోవాలంటే, ఆ పేరుకు వెనక ఉన్న సామాజిక చరిత్రను చదవాలి.

7. సారాంశం

అమెరికా జాతి వివక్ష తెలుగువారిని ఒకప్పుడు బయట నిలబెట్టింది. దాని వల్ల అందరికన్నా ఎక్కువ బాధపడినవారి పోరాటం తెలుగువారికి దారి ఇచ్చింది. ఆ రుణాన్ని గుర్తించడమంటే పరాయి దేశంలో మనకు జరిగిన అన్యాయాన్ని ఏ కొలతతో కొలుస్తామో, మన ఊళ్లో మన చేతుల మీదుగా జరిగేదాన్ని కూడా అదే కొలతతో కొలవడం.

8. మీ అవగాహనను పరీక్షించుకోండి

1. రంగు అనే మాట వాడకుండానే దక్షిణాది రాష్ట్రాలు నల్లవారి ఓటును ఎలా అడ్డుకున్నాయి?
2. థిండ్ వాదనలోని లోపాన్ని చర్చించండి.
3. మీ ఊరిలో ఇళ్లు, శ్మశానం, మంచినీటి వసతి ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక పటం గీయండి. అందులో మీకు కనిపించిన గీతల గురించి ఒక పేజీ రాయండి.